లాబిఫై అనే మాటా, మా మాస్టారూ

లాబిఫై అనే ఇంగ్లీషు మాటను నా జీవితంలో ఒక్క మనిషి నోటే విన్నాను. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, ఎంతమంది ఇంగ్లీషువాళ్ళ గొంతులు విన్నా (నా ఉద్యోగమే అది, ముందు ముందు చెప్తాను) ఆ మాట మళ్ళీ తగల్లేదు. బలహీనపరచడం, పట్టు సడలేలా చేయడం అని దాని అర్థం. ఇంగ్లీషువాళ్ళే దాన్ని ఎప్పుడో వదిలేశారు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో అచ్చువేసిన డిక్షనరీలో దాన్ని చేర్చి, పక్కనే ‘వాడుకలో లేదు’ అని రాసిపెట్టాడు. అలాంటి మాటని కోనసీమలో ఒక పెంకుటింటి అరుగు మీద కూర్చుని మాకు నేర్పింది మా మాస్టారు.

టౌన్లో కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి, రిటైరయ్యాక సొంతూరు వచ్చేశారాయన. సాయంత్రం నాలుగైదు గంటలకి వీధి పిల్లలం ఆ అరుగు మీద చేరేవాళ్ళం. దాన్ని ట్యూషన్ అనకూడదు. ఫీజు లేదు, టైము లేదు, సిలబస్ అసలే లేదు. మా అమ్మ మాత్రం ఊరికే వెళ్ళకూడదని ఒక్కోసారి ఓ అరటి అత్తమో, ఓ పనసకాయో పంపేది. మామ్మగారు వాటికి బదులుగా మా చేతుల్లో జంతికలు పెట్టేవారు. రెండు బండ డిక్షనరీలు చాప మీద తెరిచి ఉండేవి. ఒకదానికి అట్ట ఊడిపోతే మాస్టారే మైదా జిగురుతో గుడ్డ అంటించుకున్నారు.

ఆయన పద్ధతి ఒక్కటే. ఏ మాట దొరికినా, అది ఎక్కడ పుట్టింది, దానితో పుట్టినవి ఇంకేవి బతికున్నాయి, ఏవి పోయాయి అని అడిగేవారు. అర్థం చివర్లో చెప్పేవారు. లాబిఫైకి కూడా అంతే. లాటిన్‌లో ‘లబారే’ అంటే తూలడం, పడబోతున్నట్టు ఊగడం. ‘ఫాకెరే’ అంటే చేయడం. రెండూ కలిస్తే తూలేట్టు చేయడం. ‘లాబి’ అంటే జారిపోవడం. అక్కణ్ణుంచే లాప్స్, కొలాప్స్, రిలాప్స్ వచ్చాయి.

“విరగ్గొట్టడం కాదమ్మా. విరగ్గొడితే అది వేరే మాట. ఇది ఇంకా నిలబడే ఉంటుంది. చూసేవాడికి బాగానే ఉంటుంది. లోపల పట్టు పోయింది, అంతే.”

దీనికి ఆయన చెప్పే మొదటి ఉదాహరణ రోము నుంచి. క్రీస్తు పూర్వం 160లో ఆడిన టెరెన్స్ నాటకం ఒకటుంది. అందులో దెబ్బలు తిన్న వ్యాపారి ఒకడు వచ్చి మొత్తుకుంటాడు, నా పళ్ళన్నీ కదిలించేశాడు అని. ‘డెంతెస్ లబెఫేకిట్’. ఆ కదిలించడమే మన లాబిఫై. మాస్టారు ఆ రెండు మాటలూ నాటకంలో లాగే దవడ పట్టుకుని అనేవారు. మా చిన్నపిల్లలకి ఆ ముక్క ఎంత నచ్చిందంటే, పాలపళ్ళు కదిలే పిల్లలందరూ ఇంటికెళ్ళి లబెఫేకిట్, లబెఫేకిట్ అని అరిచేవాళ్ళు. లాటిన్ అక్షరమ్ముక్క రాని ఊళ్ళో అది కొన్నాళ్ళు అందరికీ తెలిసిన మాట.

ఇంకాస్త పెద్దయ్యాక జాన్సన్ కథ చెప్పారు. దీన్ని నేను ఎన్నిసార్లు విన్నా విసుగు రాలేదు.

శామ్యూల్ జాన్సన్ డిక్షనరీ 1755లో వచ్చింది. రెండు పెద్ద సంపుటాలు, నలభై వేలకు పైగా మాటలు. లండన్‌లో గాఫ్ స్క్వేర్ ఇంట్లో, పై అంతస్తు గదిలో, రాతపనికి ఆరుగురు సహాయకుల్ని పెట్టుకుని ఆయన ఆ పని చేశాడు. మూడేళ్ళలో పూర్తి చేస్తానని మొదలుపెడితే తొమ్మిదేళ్ళు పట్టింది. పని మధ్యలోనే, 1752లో భార్య పోయింది. ఇవన్నీ మాస్టారు తన బంధువు గురించి చెప్తున్నట్టు చెప్పేవారు. ప్రతి మాటకీ ఎవరో ఒక రచయిత వాక్యం ఉదాహరణగా చూపించాలని జాన్సన్ నియమం. కొన్నింటికి దొరకలేదు. అంతకుముందు డిక్షనరీలు రాసినవాళ్ళు చేర్చారు కాబట్టి ఉన్నాయి తప్ప, వాటిని ఎవరైనా వాడినట్టు ఆయనకి కనబడలేదు. లాబిఫై వాటిలో ఒకటి. అలాంటి వాటి పక్కన ‘డిక్షనరీ’ అనే మాటనే కుదించి రాసి వదిలేశాడు. ఎందుకు చేర్చానో ముందుమాటలో చెప్పుకున్నాడు. అవి ఎక్కడో ఉండే ఉంటాయేమో, నా కంటబడలేదేమో అని.

ఆ వాక్యం దగ్గర మాస్టారు ఆగేవారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకునేవారు. “చూశావా, తనకి తెలియనంత మాత్రాన లేదనలేదు ఆయన” అనేవారు. అంత పెద్ద పండితుడిలో ఆయనకి అన్నిటికంటే నచ్చింది అదేనని నాకిప్పుడు అనిపిస్తుంది.

డిక్షనరీ వచ్చిన ఇరవై ఏళ్ళకి, 1775 ఏప్రిల్ 18న, లాబిఫైకి తోడబుట్టిన మాట జాన్సన్ నోటే వచ్చింది. థేమ్స్ ఒడ్డున ట్వికెన్‌హామ్‌లో కేంబ్రిడ్జ్ అనే ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళారు. కూడా చిత్రకారుడు రెనాల్డ్స్, జాన్సన్ జీవితం రాసిన బాస్వెల్ ఉన్నారు. వెళ్ళీ వెళ్ళగానే జాన్సన్ పుస్తకాల అలమార దగ్గరికి పోయి వరసగా వీపులు చదవడం మొదలుపెట్టాడట. తెలుసుకోవడం రెండు రకాలు, ఒకటి విషయం మనకే తెలిసుండటం, రెండోది అది ఎక్కడ దొరుకుతుందో తెలిసుండటం అని ఆయన అన్నది ఆ రోజే. మాస్టారికి ఇది తారకమంత్రం.

తర్వాత కబుర్లు ‘బెగ్గర్స్ ఒపెరా’ మీదికి మళ్ళాయి. జాన్ గే రాసిన ఆ నాటకం 1728లో లండన్‌లో 62 రాత్రులు ఆడింది. దొంగలూ దోపిడీగాళ్ళూ అందులో హీరోలు. అది చూసి జనం చెడిపోతారా లేదా అన్నది అప్పటికి పాత తగువే. జాన్సన్ మొదట తీరిగ్గానే మాట్లాడాడు. ఆ నాటకం చూసినంత మాత్రాన ఎవడూ దొంగైపోడని, కాకపోతే దొంగ అంటే మనకి కొంచెం అలవాటు చేసి, కొంచెం ఇష్టం పుట్టించవచ్చని. అంతటితో ఆగకుండా, ఒక పెద్ద దెబ్బ కొట్టబోతున్నవాడిలా బిగించుకుని, అందులో సకల సూత్రాలకీ ఎంత ‘లాబిఫాక్టేషన్’ జరిగిందంటే నీతికి హాని కలగవచ్చు అన్నాడు. అంత బరువైన మాట విని అక్కడున్నవాళ్ళంతా పొట్ట ఉబ్బి, నవ్వు బయటికొస్తుందేమోనని బిగబట్టుకుని కూర్చున్నామని బాస్వెల్ రాశాడు.

మేమూ నవ్వేవాళ్ళం. మాస్టారు మాత్రం జాన్సన్ పక్షమే. ఆ మాట గొప్ప కోసం వాడింది కాదని ఆయన వాదన. ముందు తీరిగ్గా చెప్పిన రెండు వాక్యాలూ కలిపి చూడమనేవారు. నాటకం సూత్రాల్ని కూల్చదు, చూసినవాడు తెల్లారేసరికి దొంగ కాడు. అయితే లోపల ఏదో కాస్త వదులవుతుంది. ఆ వదులవడానికి అంతకంటే సరైన మాట ఇంగ్లీషులో ఏదో చెప్పండి అని మమ్మల్ని అడిగేవారు. జాన్సన్‌కి బరువైన మాటల మీద మోజు లేదని ఆయన అనలేదు. 1784లో ఇంకో నాటకం గురించి జాన్సన్ ముందు, చెడిపోకుండా ఉండటానికి తగినంత చమత్కారం దానికి లేదు అని చిన్న మాటల్లో అనేసి, వెంటనే సర్దుకుని, కుళ్ళకుండా కాపాడుకునే ప్రాణశక్తి దానికి లేదు అని లాటిన్ మాటలతో మళ్ళీ కట్టాడు. మాస్టారు ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పలక మీద రాసి, మొదటిది మీకు, రెండోది నాకు అనేవారు.

నాకు ఆ మాట నిజంగా అర్థమైంది మాత్రం 1986 ఆగస్టులో.

ఆ వరద చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. ఇప్పటికీ వరద వచ్చినప్పుడల్లా ఆ అంకెతోనే పోల్చుకుంటారు. రేడియోలో నీటిమట్టం చెప్పినప్పుడల్లా ఊళ్ళో మాటలు ఆగిపోయేవి. లంకల్లోవాళ్ళు పశువులతో, వంట సామాన్లతో, ముసలివాళ్ళని మంచాల మీద మోసుకుని గట్టెక్కేశారు. మా ఊరి మగాళ్ళందరూ వంతులేసుకుని ఏటిగట్టు కాపలా. రాత్రిపూట గట్టు పొడుగునా పెట్రోమాక్స్ లైట్లు, టార్చిలైట్లు. ఇసుక బస్తాలు, వెదురు తడికలు, తాటి దుంగలు ముందే తెచ్చి పెట్టుకున్నారు. ఆడవాళ్ళం వండి క్యారేజీలు పంపేవాళ్ళం, పగలు మేమూ వెళ్ళేవాళ్ళం.

గట్టు అవతల నీరు ఎంత ఎత్తున ఉందో చూసి భయపడేది కొత్తవాళ్ళు. గట్టు తెలిసినవాళ్ళు అటు చూడరు. ఊరి వైపు, గట్టు కాలి దగ్గర చూస్తారు. అక్కడ నేల చెమర్చిందా, ఎక్కడైనా నీరు ఉబుకుతోందా అని. దాన్ని బుంగ అంటారు. ఉబికే నీరు తేటగా ఉంటే కొంత ధైర్యం, కనిపెట్టుకుని ఉండవచ్చు. బురదగా వస్తోందంటే గట్టు లోపలి మట్టి కూడా కొట్టుకొస్తోందన్నమాట. అప్పుడిక పరుగే. బుంగని మూసేస్తే నీరు పక్కనుంచి తన్నుకొస్తుంది కాబట్టి మూయరు, దాని చుట్టూ బావిగట్టులా ఇసుక బస్తాలు పేరుస్తారు. లోపల నీరు నిలిచి పైకి లేచేకొద్దీ ఉబకడం నెమ్మదిస్తుంది. ఇదంతా ఎవరూ చదువుకుని నేర్చుకున్నది కాదు. వానాకాలం రాకముందే ఆ బుంగ పుట్టి ఉంటుందని కూడా వాళ్ళకి తెలుసు. ఎప్పుడో పందికొక్కులు తవ్విన బొరియలు, ఎండ్రకాయల కన్నాలు, కొట్టేసిన చెట్టు వేరు లోపలే పుచ్చిపోయి మిగిలిన సందు. ఎండాకాలం అంతా ఆ గట్టు మీద బళ్ళు నడుస్తాయి, పిల్లలు ఆడుకుంటారు. ఏమీ తెలీదు.

ఒక సాయంత్రం గొడుగేసుకుని మాస్టారు వచ్చారు. అప్పటికే మోకాళ్ళ నొప్పులు ఆయనకి. ఒకచోట బుంగ పడితే చుట్టూ బస్తాలు పేరుస్తున్నారు. నీరు ఎర్రగా, సుద్దగా వస్తోంది. అక్కడ పని చేయిస్తున్న పెద్దాయన మా వీధి రైతే, “ఆయ్, దగ్గరికి రాకండి మాస్టారూ, కాలు దిగబడతాది” అన్నాడు. మాస్టారు అక్కడే నిలబడి ఆయన్ని వరసగా ప్రశ్నలడిగారు, ఎలా పుట్టింది, ఎంతసేపు ఆగుతుంది, ఏ రంగు వస్తే ఏం చేస్తారు అని. చెయ్యి ఆపకుండానే ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. గట్టు మా దగ్గర నిలబడింది. కోనసీమలో చాలాచోట్ల గండ్లు పడ్డాయి, ఊళ్ళు మునిగాయి. మాకు తెలిసిన కుటుంబాలే సర్వం పోగొట్టుకున్నాయి.

నీళ్ళు తీశాక మళ్ళీ అరుగు మీద కూర్చున్న మొదటి రోజు మాస్టారు లాబిఫై తీశారు. ఉదాహరణ ఇంక రోములోదీ కాదు, లండన్‌దీ కాదు. పందికొక్కు గట్టుని లాబిఫై చేస్తుంది, వరద కూల్చుతుంది, ఈ రెండు క్రియల మధ్య తేడా తెలిస్తే సగం భాష తెలిసినట్టే అన్నారు. ఇంగ్లీషులో బలహీనపరచడానికి ఇన్ని మాటలెందుకున్నాయో అప్పుడే వివరంగా చెప్పారు. ఎనర్వేట్ అంటే మొదట్లో నరాలు, కండరాలని ఎముకకి కట్టే తంత్రులు తీసేయడం. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో ఒక రాజు తన కారణాలు బలహీనంగా కనిపించవచ్చని చెప్పడానికి ‘అన్‌సిన్యూడ్’ అంటాడు, అదీ అదే ఊహ. డెబిలిటేట్ ఒంటికి. లాబిఫై మాత్రం దేన్నో మోస్తున్నదానికి, దేన్నో ఆపుతున్నదానికి. దంతం, స్తంభం, గట్టు, సూత్రం. నిఘంటువులో ఇంత వివరం ఉండదు. ఇది ఆయన చదువులోంచీ, ఆ బుంగ దగ్గర నిలబడటంలోంచీ వచ్చింది.

మరి అంత మంచి మాట ఎందుకు పోయింది? నేను దీని గురించి చాలా ఆలోచించాను. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లీషు పండితులు లాటిన్ నుంచి మాటలు బళ్ళ కొద్దీ దించారు. అవి సిరాబుడ్డి మాటలని 1553లోనే థామస్ విల్సన్ తిట్టాడు. 1604లో కాడ్రీ వేసిన మొట్టమొదటి ఇంగ్లీషు డిక్షనరీలో ఉన్నవి రెండున్నర వేల మాటలే, అవీ ఇలాంటి కష్టమైన మాటలకి అర్థాలు చెప్పడానికే. వచ్చినవాటిలో ఏదో ఒక వృత్తిలో పని దొరికినవి నిలిచాయి. వైద్యంలో, కోర్టులో, చర్చిలో. లాబిఫైకి అలాంటి చోటు దొరకలేదు. వీకెన్ అనే ఇంటిమాట పక్కనే ఉంది, ఇంపెయిర్ ఉంది, అండర్‌మైన్ ఉంది. ఈ అండర్‌మైన్ మన బుంగకి చాలా దగ్గర, కోటగోడ కింద సొరంగం తవ్వడం. జనానికి అవి చాలు. ఇందులో అన్యాయమేమీ లేదు. అయినా నాకు బాధే.

తర్వాత నా చదువైపోయి హైదరాబాద్ వచ్చాను. తొంభైల చివర్లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ కంపెనీలు వరసగా పుట్టుకొచ్చిన రోజులవి. అమెరికాలో డాక్టర్లు రికార్డు చేసిన మాటలు చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ ఆపి, వెనక్కి తిప్పి, టైపు చేయాలి. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆ అరుగే. చేరిన కొత్తలోనే మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ అనే మాట తగిలింది, అంటే గుండెలో ఒక కవాటం జారడం. రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం, రోజూ వచ్చేది. ఒక డాక్టరు పేషెంటు మనఃస్థితి ‘లేబైల్’గా ఉందన్నాడు, అంటే ఇట్టే మారిపోతోందని. బీపీ నిలకడగా లేకపోయినా అదే మాట. అర్ధరాత్రి షిఫ్టులో పెడల్ ఆపేసి కాసేపు అలా కూర్చున్నాను. లాబిఫై పోయింది కానీ ఆ కుదురు నుంచి వచ్చినవన్నీ ఆసుపత్రుల్లో దర్జాగా బతుకుతున్నాయి.

మాస్టారికి ఇన్‌లాండ్ లెటర్ రాశాను. జవాబు అంచుల దాకా, మడతల లోపల దాకా నిండి వచ్చింది. లేబైల్ గురించి అంత సంతోషం నేను ఊహించలేదు. అప్పటినుంచి కొత్త మాట తగిలినప్పుడల్లా నేను రాయడం, ఆయన దాని పుట్టుక వెతికి పంపడం. చివరి ఏళ్ళలో తనకీ బీపీ ఎగుడుదిగుడుగా ఉండేది. ఫోన్లో “డాక్టరు లేబైల్ అన్నాడమ్మా, నేను ఆయనకి లాటిన్ చెప్పొచ్చాను” అన్నారు ఉత్సాహంగా. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. మామ్మగారు కూడా లేరు.

ఆయన మనవరాలు ఇప్పుడు పళ్ళ డాక్టరు. కిందటి సంక్రాంతికి ఊళ్ళో కలిసినప్పుడు టెరెన్స్ ముక్క చెప్తే ఎగిరి గంతేసింది. కదిలే పన్నుని వాళ్ళు రెండు పనిముట్ల పిడుల మధ్య పట్టి, ఎంత ఊగుతోందో చూసి, గ్రేడు వేస్తారట. పన్ను బాగానే కనిపిస్తుంది, చుట్టూ ఎముక తరిగిపోయి ఉంటుంది అంది. ఆ వారంలోనే అటక మీంచి తాతగారి నోటుబుక్కులు దించి నాకు పంపింది. బలం తగ్గడాన్ని చెప్పే మాటలన్నీ అక్షరక్రమంలో రాసుకున్నారాయన. కొన్నిచోట్ల చెదలు తిన్నాయి, ఇంకు వెలిసింది. ఆ పిల్ల క్లినిక్ అయ్యాక రాత్రిళ్ళు ఫొటోలు తీసి పంపుతుంది, నేను కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. ఈ నెలలో ‘ఎఫీట్’ దగ్గరున్నాం. ఇప్పుడు దాన్ని సారం లేని, సుకుమారమైన అనే అర్థంలో వాడతారు గానీ, మొదట్లో అది కని కని అలిసిపోయిన పశువుకి, పండి పండి సారం పోయిన నేలకి వాడిన మాట. మాస్టారు దాని కింద మా ఊరి పొలాల పేర్లు రాసుకున్నారు, ఏ చేను ఏ ఏడు బీడు పెట్టారో, మళ్ళీ ఎప్పుడు పండిందో.